మావోడు మాత్రం వద్దు

మా క్లబ్బుకు ఆ ఏడాది గోల్ కొట్టే మనిషి లేడు. ఉన్న ఒక్కడూ సీజన్ అయిపోగానే కేరళ వైపు ఏదో జట్టుకు వెళ్లిపోయాడు. వెనక కాసేవాళ్లు గట్టివాళ్లే. గోల్‌కీపర్ మంచివాడు. మధ్యలో ఆడేవాళ్లు బంతిని బాక్సు దాకా తెచ్చి పెట్టగలరు. తెచ్చిన బంతిని వలలోకి తోసేవాడే లేడు. కిందటి సీజన్ చివర్లో ఎన్ని మ్యాచులు సున్నా సున్నాగా ముగిశాయో తలుచుకుంటే ఇప్పటికీ నీరసం వస్తుంది.

ఎండాకాలంలో మ్యాచులుండవు. అయినా ఆదివారం పొద్దున్నే మేం నలుగురం గ్రౌండుకు ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో కలిసేవాళ్లం. గ్యాలరీలో ఏళ్ల తరబడి ఒకే వరుసలో కూర్చుని స్నేహితులమైనవాళ్లం. బోయిగూడలో కలప డిపో ఉన్నాయన మాలో గట్టి గొంతు మనిషి. రంపం మిషను పక్కనే పుట్టి పెరిగినవాడు కనుక మామూలుగా మాట్లాడినా పక్క టేబులుకు వినిపిస్తుంది. ఆయన్ని డిపో అన్న అంటాం. యాప్రాల్ నుంచి వచ్చే పెద్దాయన మిలిటరీ వర్క్‌షాపులో చేసి రిటైరయ్యారు. వయసులో ఉండగా వాళ్ల డిపార్టుమెంటు జట్టుకు ఆడారు. ఆయన అందరికీ అంకులే. మూడో అతను నేరేడ్‌మెట్‌లో కళ్లద్దాల షాపు పెట్టుకున్నాడు. నాకంటే కాస్త చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. వాళ్లమ్మ అతన్ని పెద్దోడా అని పిలుస్తుంది, మాకూ అదే అలవాటైంది.

నాలుగో మనిషిని నేను. స్టేషన్లో రిజర్వేషన్ కౌంటర్లో పని. మా నాన్న విజయనగరం నుంచి రైల్వే ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చారు. ఫుట్‌బాల్ పిచ్చి ఆయనదే. మా అన్నయ్యను రెండుసార్లు గ్రౌండుకు తీసుకెళితే వాడు రెండుసార్లూ నిద్రపోయాడు. మూడోసారి నన్ను తీసుకెళ్లారు. నాన్న పోయాక కూడా నేను వెళ్లడం మానలేదు.

ఆ వేసవి అంతా మాది ఒకటే గొడవ. ఎవర్ని తెచ్చుకోవాలి? అంకుల్ ఓటు ఆఫ్రికా నుంచి వచ్చి కోల్‌కతాలో, గోవాలో చాలాకాలం ఆడిన ఒక సీనియర్‌కు. వెనక ఇద్దరు పట్టుకున్నా బంతి వదలడనీ, గోల్ వైపు వీపు పెట్టి ఆడటం తెలిసినవాళ్లు మన దేశంలో తక్కువనీ ఆయన చెప్పేవారు. అతనికి వయసైపోయిందనీ, రెండో సగంలో పరుగు మాని నడుస్తాడనీ డిపో అన్న కొట్టిపారేసేవాడు. నేను మణిపూర్ కుర్రాడొకణ్ణి తెద్దామన్నాను. వేగం బాగుంటుంది. గాలి వీస్తే పడిపోయేట్టున్నాడని ఇద్దరూ కలిసి నవ్వారు. వాళ్లిద్దరూ ఒక్క మాట మీదికి రావడం ఆ వేసవిలో అదొక్కసారే.

డిపో అన్న ఓటు పెద్దోడి తమ్ముడికి. చిన్నోడు పశ్చిమాన ఏదో రాష్ట్రంలో లీగు ఆడుతూ ఆ ఏడాది బాగా గోల్స్ కొట్టాడు. నేరేడ్‌మెట్ మట్టిలో ఆడి పెరిగినవాడు. మన గల్లీ పిల్లగాడు మన జెర్సీ వేసుకుని గోల్ కొడితే ఆ ఖుషీ వేరంటూ డిపో అన్న మొదలుపెట్టాడంటే ఇక ఆగేవాడు కాదు. ఒక ఆదివారం అలా మాట్లాడి మాట్లాడి పెద్దోడి భుజం మీద చెయ్యి వేశాడు. నువ్వొక మాట చెప్తే వస్తాడు, అడగరాదూ అన్నాడు.

పెద్దోడు చాయ్ కప్పు కింద పెట్టాడు.

"ఎవర్నన్న తెచ్చుకోండన్నా. మావోడు మాత్రం వద్దు."

డిపో అన్న ముందు నవ్వాడు, తమాషా అనుకుని. తర్వాత పెద్దోడి మొహం చూసి నవ్వాపాడు. కారణం అడిగితే పెద్దోడు షాపు తెరవాలని లేచి వెళ్లిపోయాడు. సొంత తమ్ముడు పైకొస్తుంటే ఓర్వలేకపోతున్నాడేమోనని డిపో అన్న అనుమానం. చిన్నప్పుడు ఇద్దరూ ఆడేవాళ్లనీ, వాళ్ల నాన్న పోయాక షాపు కోసం ఇతను మానేశాడనీ ఆయనకు తెలుసు. అంకుల్ మాత్రం అది కాదన్నారు. నాకూ కాదనే అనిపించింది, కానీ ఏమిటో తెలియలేదు.

ఆ వారంలోనే దగ్గరి చూపుకు అద్దాలు కావాల్సి వచ్చి అతని షాపుకు వెళ్లాను. అద్దం వెనక అద్దం మారుస్తూ ఏ అక్షరం కనిపిస్తోందో అడుగుతూ, మధ్యలో తనే ఆ మాట ఎత్తాడు. కిందటి స్ట్రైకర్‌ను గుర్తు చేశాడు. కేరళ వెళ్లిపోయినవాణ్ణి. అతను పెనాల్టీ వృథా చేసిన రోజు మ్యాచ్ అయ్యాక గేటు దగ్గర మన గ్యాలరీ పిల్లలే అతని బండిని చుట్టుముట్టారు. హెల్మెట్ లాక్కుని మురిక్కాలవలో పడేశారు. అతను తల వంచుకుని, తలకేమీ లేకుండా బండి నడుపుకుంటూ వెళ్లిపోయాడు. అది నేనూ చూశాను. పెద్దోడూ చూశాడు.

"వాడు కేరళోడు. వాళ్లింట్ల ఎవలకు తెల్వది అక్కా. మావోనికి గట్లయితే, గా హెల్మెట్ పారేసిన పోరగాడు తెల్లారి నా షాపుకే అద్దాలకొస్తడు. మా అమ్మ కూరగాయలు కొనే కాడ సుత గదే ముచ్చట. దూరంల ఆడి ఓడిపోతే ఓటమి ఆడనే ఉంటది. ఈడ ఓడిపోతే ఇంటి దాకా వస్తది."

ఇంత చెప్పి, కొత్త అద్దాలతో చేతిలోని అట్ట మీది చిన్న అక్షరాలు చదవమన్నాడు. అందరూ అలాంటివాళ్లు కారని నేనన్నాను. అది అబద్ధం కాదు, కానీ అతను చెప్పినదానికి జవాబూ కాదు.

మేం వాదించుకున్నంత మాత్రాన క్లబ్బు వినేదేముంది? వాళ్ల లెక్కలు వాళ్లకుంటాయి. వానలు మొదలయ్యే వేళకు కబురొచ్చింది. క్లబ్బు పిలిచింది, చిన్నోడు వచ్చాడు. అన్న వద్దన్న సంగతి వాడికప్పుడు తెలియదు. అమ్మ పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటోంది, అన్న షాపు వదిలి కదలలేడు, ఇంటిపట్టున ఉండి ఆడొచ్చని వాడి ఆశ. డిపో అన్న గ్రౌండు దగ్గర పూలదండ వేసి, హోటల్లో అందరికీ ఉస్మానియా బిస్కెట్లు పంచాడు. చిన్నోడు సిగ్గుపడుతూ నవ్వాడు. అన్నంత ఎత్తు లేడు, భుజాలు మాత్రం వెడల్పు. పెద్దోడు కూడా ఆ రోజు నవ్వాడు. ఇక వచ్చేశాడు కనుక బాగుండాలని మనసారా కోరుకున్నాడని నాకు తెలుసు.

మొదటి మ్యాచులోనే గోల్ కొట్టాడు చిన్నోడు. కుడి వైపు నుంచి వచ్చిన బంతిని తలతో కొట్టాడు. వల కదిలింది. మా వరుసంతా ఒకరి మీద ఒకరు పడ్డాం. డిపో అన్న పెద్దోణ్ణి ఎత్తుకుని తిప్పాడు. మొన్నటిదాకా ఉన్న అనుమానాలన్నీ పోయినట్టే అనిపించింది.

తర్వాత గోల్ రాలేదు. వచ్చే మ్యాచులో వస్తుందనుకున్నాం, రాలేదు. ఆ తర్వాత మ్యాచులో బంతి గోల్ కడ్డీకి తగిలి వెనక్కొచ్చింది. అక్కడినుంచి వాడి కాళ్లు వాడి మాట వినడం మానేశాయి. తన్నాల్సిన చోట ఒక్క క్షణం ఆగేవాడు. ఆ క్షణంలో ఎవరో ఒకరు వచ్చి బంతి తీసేసేవారు. భయం పట్టిందని అంకుల్ నా చెవిలో మెల్లగా అన్నారు. ఆడినవాళ్లకు అది తెలుస్తుందట.

గ్యాలరీ మొదట నిట్టూర్చింది. తర్వాత గొణిగింది. తర్వాత తిట్టడం షురూ అయింది. లోకల్ కోటా అనేవారు. అద్దాల షాపోడి తమ్ముడికి కళ్లు కనపడవా అని ఎవరో అంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఇవన్నీ మా వెనక రెండు మూడు వరుసల నుంచే. పెద్దోడు వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని మ్యాచ్ చూసేవాడు. అతని పక్కన కూర్చున్న నాకు మ్యాచ్ కనపడేది కాదు, ఆ చేతులే కనపడేవి. ఒకసారి నేను లేచి ఆ కుర్రాళ్లను మందలించబోతే అతనే నా చెయ్యి పట్టి ఆపాడు. "కూసో అక్కా. నువ్వంటే ఇంకెక్కువైతది," అన్నాడు.

సీజన్ మధ్యలో కొత్త ఆటగాళ్లను తీసుకునే గడువు దగ్గరపడింది. మళ్లీ అదే వాదన. ఎవర్ని తెచ్చుకోవాలి? ఈసారి హోటల్లో ఆ మాటెత్తడానికి ఎవరికీ నోరు రాలేదు, పెద్దోడు ఎదురుగా ఉన్నాడు కనుక. మా ఫోన్లలో ఒక గ్రూపు ఉండేది. మా నలుగురితో పాటు ఆ పక్క వరుసలవాళ్లూ కొందరు అందులో ఉన్నారు. దాన్ని మొదలుపెట్టినవాడు పెద్దోడే. అందులోనూ అందరూ ఆ మాట దాటేసి వాతావరణం గురించి రాసేవారు. ఒకరోజు కౌంటర్లో ఉండగా నన్ను మరో గ్రూపులో చేర్చినట్టు కనపడింది. పేరు మార్చి, అవే మనుషులతో, పెద్దోడు లేకుండా. స్వేచ్ఛగా మాట్లాడుకోవాలి కదా అని డిపో అన్న రాశాడు. మరుక్షణం మొదలైంది. ఆఫ్రికా సీనియర్ ఇంకా దొరుకుతాడని ఒకరు, మణిపూర్ కుర్రాడు మోకాలు చెడగొట్టుకున్నాడని ఒకరు. నేను ఏమీ రాయలేదు. బయటికీ రాలేదు. ఏది చేసినా తప్పేననిపించింది. కిటికీ అవతల తత్కాల్ టికెట్టు కోసం నిలబడ్డ మనిషి పిలుస్తుంటే అప్పుడు తలెత్తాను.

మరో మ్యాచ్ ఓడిన సాయంత్రం డిపో అన్న ఒక మెసేజ్ పెట్టాడు. వీడున్నన్ని దినాలు మనకు గోల్ రాదు, ముందు వీణ్ణి పంపాలె అని. అది కొత్త గ్రూపులో పెట్టాల్సింది. తొందరలో పాత గ్రూపులో పెట్టాడు. వెంటనే తీసేశాడు కానీ అప్పటికే పెద్దోడు చూసినట్టు ఫోన్లో కనపడింది.

డిపో అన్న నాకు ఫోన్ చేసి పరేషాన్‌గా, ఇప్పుడేం చెయ్యమంటావని అడిగాడు. షాపుకు వెళ్లి కలవమన్నాను. మొహం చెల్లక వెళ్లలేకపోయాడు.

తర్వాతి మ్యాచుకు పెద్దోడు వచ్చాడు. ఈసారి వాళ్లమ్మను కూడా తీసుకొచ్చాడు. నిజానికి తీసుకురావడం అతనికి ఇష్టం లేదు. కొడుకు ఇంత దగ్గర్లో ఆడుతుంటే ఫోన్లో చూడటమేమిటని ఆవిడ పట్టుబట్టింది. ఫోన్లో ఆమెకు బంతి కూడా సరిగ్గా కనపడదట. నీలం నేత చీర, నుదుట పెద్ద బొట్టు. మెట్లెక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. మా వరుసలో నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ఆవిడకు మరో పక్క పెద్దోడు. అవతల అంకుల్, చివర్న డిపో అన్న. అతను ఆవిడకు నమస్తే పెట్టి మళ్లీ మా వైపు చూడలేదు.

ఆవిడకు ఆట తెలియదు. చిన్నోడు ఎటు పరిగెత్తితే అటు చూసేది. బంతి ఎక్కడుందో ఆమెకు పట్టలేదు. అంత పరిగెత్తితే దాహం వెయ్యదా, మధ్యలో నీళ్లియ్యరా అని అడిగింది. మొదటి సగం ఏ గొడవా లేకుండా గడిచింది. వెనక వరుసలు ఆవిడను చూశాయో ఏమో గానీ, కాస్త మెత్తగానే ఉన్నాయి.

రెండో సగంలో చిన్నోడికి బంతి ఒంటరిగా దొరికింది. ముందు గోల్‌కీపర్ ఒక్కడే. మళ్లీ ఆ క్షణం ఆగాడు. తర్వాత తన్నాడు. బంతి కడ్డీకి ఎంతో దూరంగా పోయి ప్రకటనల బోర్డుకు తగిలింది. గ్యాలరీ మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, ఆ ఊపిరితోనే అరిచింది. కోచ్ అప్పటికప్పుడు చిన్నోణ్ణి బయటికి పిలిచాడు. వాడు తల దించుకుని పక్క గీత వైపు నడుస్తుంటే వెనక నుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఒక చప్పట, కాస్త ఆగి మరొకటి. ఎగతాళి చప్పట్లు. అవి అంటుకున్నాయి. చూస్తుండగానే గ్యాలరీ సగం అదే తీరున చప్పట్లు కొడుతోంది. ఈలలు కూడా.

ఆవిడ అటూ ఇటూ చూసింది. మొహం విప్పారింది. చీర కొంగు సర్దుకుని ఆవిడా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.

"మనోనికే కదా బిడ్డా?" అని నన్నడిగింది.

నేను అవునన్నాను. ఇంకేమనను? పెద్దోడు ఎదురుగా చూస్తున్నాడు. అప్పుడు చివర్న డిపో అన్న లేచి నిలబడ్డాడు. ఆ పెద్ద చేతులతో గట్టిగా, ఆగకుండా, ఎగతాళి లేకుండా కొట్టాడు. అంకుల్ లేచారు. నేనూ లేచాను. మా వరుస చప్పట్లు వేరుగా వినిపించాయి. వెనకవాళ్లకు అర్థమైందో, విసుగే పుట్టిందో, వాళ్లవి మెల్లగా ఆగిపోయాయి. చిన్నోడు ఒకసారి తలెత్తి మా వైపు చూశాడు. నిలబడ్డ మమ్మల్ని, మధ్యలో చప్పట్లు కొడుతున్న అమ్మను. చూసి, తువ్వాలు తల మీద కప్పుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

ఆ మర్నాడు డిపో అన్న షాపుకు వెళ్లాడు. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. అంత గొంతున్న మనిషి మెల్లగా మొదలుపెట్టాడు. గలతీ అయిందనీ, కోపంలో రాశాననీ, మనసులో ఏమీ లేదనీ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. పెద్దోడు అతనికి స్టూలు వేశాడు. చాయ్ తెప్పించాడు. అంతా విన్నాడు.

"నువ్వన్నది తప్పు గాదన్నా. గోల్ రాలే. గది నిజమే. నేను నీ మీద కోపం సుత పెట్టుకోలే. కాని గిప్పటి సంది నీ పక్కన కూసోని మ్యాచ్ చూసుడు నాతోని గాదు."

డిపో అన్న తలూపాడు. చాయ్ సగం వదిలేసి లేచాడు. పెద్దోడు తిట్టినా బాగుండేదని దారిలో బోయిగూడ మలుపు దగ్గర అన్నాడు.

గడువులోపే క్లబ్బు ఆఫ్రికా సీనియర్‌ను తెచ్చింది. చిన్నోణ్ణి గుజరాత్ వైపు ఒక జట్టుకు పంపేసింది. వెళ్లే ముందు మరో చెడు జరిగింది. వేసవిలో పెద్దోడు హోటల్లో అన్న మాట ఎవరి ద్వారానో చిన్నోడి చెవిన పడింది. నీ అన్నే నిన్ను వద్దన్నాడని. ఎవరు చెప్పారో తెలియదు. ఆ హోటల్లో అన్న మాట ఆ హోటల్లో ఆగేది కాదు. వాడు ఇంట్లో అన్నతో మాట్లాడటం మానేశాడు. అన్నం కూడా వేరుగా తిన్నాడట.

వాడు బయల్దేరే రోజు నాకు పొద్దుటి డ్యూటీ. మధ్యలో కాస్త వీలు చూసుకుని ప్లాట్‌ఫాం మీదికి వెళ్లాను. బండి పెట్టేశారు. వాళ్లమ్మ పులిహోర డబ్బా సంచిలో పెడుతోంది. అన్నదమ్ములు ఇద్దరూ తలుపు దగ్గర ఎడంగా నిలబడి ఉన్నారు. నేను వెళ్లేసరికి చిన్నోడు అంటున్నాడు, అన్న వైపు చూడకుండా.

"నువ్వు చెప్పిందే అయింది గదా. ఇగ ఖుషీనా?"

టీ అమ్మే అతను మా మధ్య నుంచి దాటిపోయేదాకా పెద్దోడు ఆగాడు.

"లేదురా. నేను చెప్పింది తప్పయితే మంచిగుండు అని ప్రతి మ్యాచుకు మొక్కుకున్న."

చిన్నోడు బండి కదిలే ముందు అమ్మ కాళ్లకు దండం పెట్టాడు. బండెక్కి తలుపు దగ్గర నుంచి అన్న వైపు చెయ్యి చాపాడు, కరచాలనానికి చాపినట్టు. పెద్దోడు ఆ చెయ్యి పట్టుకున్నాడు. రెండో చెయ్యి వాడి భుజం మీద వెయ్యబోయి ఆగిపోయాడు. బండి కదిలింది. ఇద్దరిలో ఎవరి చెయ్యో ముందు వదిలింది.

ఆఫ్రికా సీనియర్ వచ్చాక మాకు గోల్స్ వచ్చాయి. అంకుల్ మాటే నిజమైంది, ఆయన మాత్రం ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. చిన్నోడు అక్కడ మెల్లగా కుదురుకుంటున్నాడు. రెండు మూడు గోల్స్ కొట్టాడని విన్నాను. పెద్దోడు గ్రౌండుకు రావడం మానేశాడు. పాత గ్రూపు ఇంకా ఉంది కానీ అందులో ఎవరూ రాయరు. కొత్త గ్రూపులోంచి నేను బయటికి వచ్చేశాను, ఎవరూ ఎందుకని అడగలేదు.

మొన్న ఫ్రేము స్క్రూ వదులైతే బిగించుకుందామని అతని షాపుకు వెళ్లాను. చిన్నోడు ఫోన్ చేశాడా అని అడిగాను. కిందటి వారం చేశాడట. చాలా రోజుల తర్వాత మొదటిసారి.

"ఏమన్నాడు?"

"మోకాలు నొస్తున్నదన్నడు. ఐసు పెట్టుమన్న."

"ఇంకా?"

"గంతే అక్కా. ఇంటికెప్పుడొస్తవని అడుగుదామనుకున్న. మళ్లీ ఏం తక్లీఫ్ అయితదో అని ఊకున్న."

ఫ్రేము నా చేతికిచ్చాడు. ఈ ఆదివారం మ్యాచ్ ఉంది, నా పక్కన కూర్చుందువు గాని రమ్మని పిలిచాను. వస్తానన్నాడు. ఆదివారం మొదటి సగం అయ్యేదాకా మెట్ల వైపు చూస్తూనే ఉన్నాను. రాలేదు.